ఏడడుగుల తాడు: ఒక ఎంపీఎడ్ ప్రాజెక్టు డైరీ

డిసెంబరు 18

ఎంపీఎడ్ (వ్యాయామ విద్యలో పీజీ) ప్రాజెక్టుకు గైడ్ సార్ టాపిక్ ఖాయం చేశారు. వ్యాయామ విద్య చదివే విద్యార్థుల్లో ఎత్తుకూ టెన్నిస్ స్ట్రోకులకూ ఉన్న సంబంధం. పేరు పొడవుగా ఉంది కానీ పని చిన్నదే అనుకుంటున్నాను. అందరి ఎత్తూ కొలవాలి, అందరి చేతా సర్వీసు (ఆట మొదలుపెట్టే దెబ్బ), ఫోర్‌హ్యాండ్ (బ్యాటు పట్టిన చేతి వైపు కొట్టేది), బ్యాక్‌హ్యాండ్ (రెండో వైపు కొట్టేది) కొట్టించాలి, రెండు వరసల అంకెలూ పక్కపక్కన పెట్టి చూడాలి.

ఈ టాపిక్ నేనే అడిగి తీసుకున్నాను. నా ఎత్తు 163 సెంటీమీటర్లు. వాలీబాల్‌లో పదేళ్లుగా లిఫ్టర్‌నే, అంటే కొట్టేవాడికి బంతి లేపి ఇచ్చేవాణ్ణి. నెట్ దగ్గర ఒక్కసారి షూటర్‌గా (ఎగిరి కొట్టేవాడిగా) నిలబడతానంటే మా ఊరి టీములో నవ్వేవాళ్లు. బీపీఎడ్‌లో మొదటిసారి టెన్నిస్ బ్యాట్ పట్టినప్పుడూ అదే మాట: "నీ ఎత్తుకు సర్వీసు కష్టంలేప్పా." (రాకెట్ అనాలని సార్ ఎన్నిసార్లు చెప్పినా మా నోట బ్యాటే వస్తుంది. ఈ డైరీలోనూ అదే.)

సార్ ఒప్పుకున్నారు కానీ ఒక చురక అంటించారు. "జవాబు జేబులో పెట్టుకుని పరీక్షకు పోయేవాడివి కావద్దు. పొడుగువాళ్లే బాగా కొడతారని తేలితే అదే రాయాలి." కాగితం మీద రెండు పేర్లు రాసి నా ముందు పెట్టారు. ఒకటి జాన్ ఇస్నర్, 208 సెంటీమీటర్లు. 2010 వింబుల్డన్‌లో నికొలా మాహూ మీద మూడు రోజుల్లో 11 గంటల 5 నిమిషాలు ఆడి, చివరి సెట్ 70–68తో గెలిచాడు. ఆ ఒక్క మ్యాచ్‌లోనే 113 ఏస్‌లు (అవతలివాడు తాకనైనా లేని సర్వీసులు). రెండోది డియేగో స్క్వార్ట్‌జ్‌మన్, 170 సెంటీమీటర్లు. 2020లో ఫ్రెంచ్ ఓపెన్ సెమీఫైనల్ ఆడి, ఆ ఏడాదే ప్రపంచ ర్యాంకుల్లో 8వ స్థానానికి ఎక్కాడు.

"వీళ్లిద్దర్నీ చూసి ఏం చెప్తావు?"

"ఇద్దర్ని చూసి ఏమీ చెప్పలేం సార్."

"అదీ. ముప్పై మందిని పట్టుకో పో."

డిసెంబరు 22

లైబ్రరీలో కొలతలూ పరీక్షల పుస్తకాలు తిరగేశాను. టెన్నిస్ పరీక్షలు మన తాతల కాలం నాటివి. 1935లో డయ్యర్ పెట్టిన గోడ పరీక్ష అన్నిటికన్నా తేలిక. గోడ మీద మూడడుగుల ఎత్తున ఒక గీత, అదే నెట్. ముప్పై సెకన్లలో ఆ గీత పైన బంతి ఎన్నిసార్లు తగిలితే అన్ని మార్కులు. జనం గోడకు ఆనుకుని తట్టడం మొదలుపెట్టారేమో, 1938లో ఐదడుగుల దూరాన ఇంకో గీత గీసి దాని వెనకే నిలబడమన్నారు. 1965లో హ్యూయిట్ ఆ గీతను ఏకంగా గోడకు 20 అడుగుల దూరానికి జరిపాడు.

సాయంత్రం హాస్టల్ వెనక గోడ దగ్గర రెండూ ప్రయత్నించాం. ఐదడుగుల నుంచి ఆడితే అది టెన్నిస్ కాదు, రొట్టె తట్టినట్టుంది. 20 అడుగుల నుంచి ఆడితే మావాళ్లకు ముప్పై సెకన్లలో సగం బంతి వెనక పరుగెత్తడానికే సరిపోయింది. రెండూ వదిలేశాను.

చివరికి తేల్చుకున్నది: సర్వీసు గురికి హ్యూయిట్ 1966లో పెట్టిన పరీక్ష, ఫోర్‌హ్యాండ్, బ్యాక్‌హ్యాండ్‌లకు 1950 నాటి బ్రోయర్–మిల్లర్ పరీక్ష. రెండింటిలోనూ నెట్ మీదుగా ఇంకో తాడు కట్టాలి, నేల నుంచి ఏడడుగుల ఎత్తున. బంతి నెట్‌కూ ఆ తాడుకూ మధ్యలోంచి పోవాలి. బ్రోయర్–మిల్లర్‌లో తాడు పైనుంచి పోయి లోపల పడిన బంతికి సగం మార్కులే. మామిడికాయ కొట్టినట్టు పైకి లేపి లోపల పడేస్తే స్ట్రోకు వచ్చినట్టు కాదని దాని అర్థం.

జనవరి 4

ముప్పై రెండు మంది ఒప్పుకున్నారు. 20 మంది అబ్బాయిలు, 12 మంది అమ్మాయిలు. అందరూ బీపీఎడ్ జూనియర్లే. ఇంతకుముందు టెన్నిస్ ఆడినవాళ్లు ఒక్కరూ లేరు. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, హ్యాండ్‌బాల్, పరుగులు, క్రికెట్. ఒకతను బాల్ బ్యాడ్మింటన్.

మా అనంతపురంలో టెన్నిస్ లేదా అంటే ఉంది. 2010లో రఫెల్ నడాల్ ఫౌండేషన్ ఇక్కడ పల్లె పిల్లల కోసం టెన్నిస్, చదువు కలిపి చెప్పే బడి పెట్టింది. ఆ పిల్లలు ఏడెనిమిదేళ్లకే నేర్చుకుంటారు. మేం ఇరవై రెండేళ్లకు, సిలబస్‌లో ఉంది కాబట్టి నేర్చుకుంటాం. ఈ తేడా రిపోర్టు మొదటి పేజీలోనే రాయమన్నారు సార్. నేను కొలిచేది ఆటగాళ్లను కాదు, నేర్చుకునేవాళ్లను.

జనవరి 6

స్టోర్‌రూములో ఉన్న బంతులన్నీ బయటికి తీశాం. నిబంధన ప్రకారం టెన్నిస్ బంతిని 254 సెంటీమీటర్ల ఎత్తు నుంచి గట్టి నేల మీదికి వదిలితే 135 నుంచి 147 సెంటీమీటర్ల దాకా లేవాలి. జిమ్ గోడ మీద సుద్దముక్కతో మూడు గీతలు గీసి, స్టూలెక్కి ఒక్కొక్కటీ వదిలాను. కింద ఒకతను ఫోన్‌లో తీశాడు. సగం బంతులు నడుం దాకా కూడా లేవలేదు. ఒకటైతే ఉడకబెట్టిన గుడ్డు పడ్డట్టు చప్పుడు చేసి అక్కడే కూర్చుంది. లోపలి గాలి ఒత్తిడి పోయాక బంతి పైకి ఎంత పచ్చగా కనిపించినా లాభం లేదు.

జేబులోంచి పెట్టి కొత్త డబ్బాలు కొన్నాను. ఇవి పరీక్షకే, నేర్పడానికి పాతవే.

జనవరి 8

ఈరోజు జరిగింది రాయకుండా ఉండలేను.

తాడు కట్టడానికి టెంట్ హౌస్ నుంచి రెండు వెదురు బొంగులు అద్దెకు తెచ్చాం, ఒక్కోటి పన్నెండడుగులు. నేను ఊళ్లో జిరాక్స్ దగ్గర ఇరుక్కుపోయి, జూనియర్‌కు ఫోన్ చేసి చెప్పాను: "ఏడడుగుల కాడ కట్టు." అవతల కోర్టులో రోలర్ లాగుతున్న చప్పుడు. వాడికి "ఏడడుగుల కాడ కొట్టు" అని వినిపించింది. నేను వచ్చేసరికి వంటగది గొడ్డలి తెచ్చి రెండు బొంగులూ శుభ్రంగా ఏడడుగులకు నరికి, కొలత టేపు పక్కన పెట్టుకుని మెచ్చుకోలు కోసం చూస్తున్నాడు.

నేలలో పాతితే ఒక అడుగు పోతుంది. చివరికి రెండు పాత పెయింట్ డబ్బాల్లో సిమెంటు కాంక్రీటు పోసి వాటిలో నిలబెట్టాం. అడుగున కాస్త కాంక్రీటు ముందే వేసి దాని మీద బొంగు ఆనించాం కాబట్టి ఎత్తు తగ్గలేదు, రెండంగుళాలు పెరిగింది కూడా. తాడు మధ్యలో వేలాడకుండా బొంగులకు వెనక నుంచి పగ్గాలు లాగి కట్టాం. మధ్యలో కొలిస్తే ఏడడుగులకు అరంగుళం తక్కువ. చాలు. ఆ మాటకొస్తే నెట్ కూడా అంతే కదా, స్తంభాల దగ్గర 107 సెంటీమీటర్లు, మధ్యలో 91.4.

టెంట్ హౌస్ ఆయనకు ఏం చెప్పాలో తర్వాత చూసుకుందాం. రేపటి నుంచి సంక్రాంతి సెలవులు.

జనవరి 20

ఎత్తులు కొలిచే రోజు. ఇది గంట పని అనుకున్నాను, రెండు రోజులు పట్టింది.

మొదట ఫిట్‌నెస్ గదిలో గోడకు అతికించిన కాగితం టేపు దగ్గర కొలిచాం. పది మంది అయ్యాక నాకు అనుమానమొచ్చింది. నా ఎత్తు 165 చూపిస్తోంది. ఎన్నేళ్లుగానో 163 ఉన్నవాణ్ణి సంక్రాంతి అరిసెలకు రెండు సెంటీమీటర్లు పెరగను కదా. చూస్తే టేపు అతికించినవాళ్లు నేల దగ్గర సున్నాతో కాకుండా రెండో అంకెతో మొదలుపెట్టారు. సార్‌కు చెబితే నవ్వారు. "అందరికీ సమానంగా రెండు పెరిగితే నీ సహసంబంధం వెంట్రుకవాసి కూడా మారదు. ఒకరికి పెరిగి ఒకరికి పెరగకపోతేనే దెబ్బ." (సహసంబంధం అంటే రెండు వరసల అంకెలు ఎంత జతగా నడుస్తాయో చెప్పే అంకె.) అయినా స్టేడియోమీటర్ (ఎత్తు కొలిచే పరికరం) తెప్పించి మొదటి నుంచీ కొలిచాను.

సమానంగా పెరగని తప్పు ఇంకోటి ఉందని ఆయన చెప్పాకే తట్టింది. మనిషి నిద్ర లేచినప్పుడు పొడుగు, సాయంత్రానికి పొట్టి. పగలంతా వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి బిళ్లలు నొక్కుకుపోయి ఒక సెంటీమీటరో ఇంకాస్తో తగ్గుతాం. అందులో ఎక్కువ భాగం లేచిన మొదటి గంటల్లోనే పోతుంది. నేనేమో అబ్బాయిల్ని పొద్దున ఆరింటికి గ్రౌండ్ పీరియడ్‌కు ముందు, అమ్మాయిల్ని మధ్యాహ్నం కొలిచాను. మళ్లీ అందర్నీ పిలిచి ఒకే వేళకు, పదకొండు గంటలకు, చెప్పులు విప్పించి, మడమలు ఆనించి, చూపు నేలకు సమాంతరంగా ఉంచి కొలిచాను. అమ్మాయిల జడలు, కొప్పులు ఇంకో తలనొప్పి. స్టేడియోమీటర్ పలక కొప్పు మీదే ఆగిపోతుంది. విప్పమంటే ఒకమ్మాయి "అన్నా, నీ ప్రాజెక్టు కోసం మళ్లీ ఎవరు జడేస్తారు?" అంది. న్యాయమే. దువ్వెన, రబ్బర్ బ్యాండ్లు కొనిచ్చాను.

ఎత్తుతో పాటు చేయి పైకెత్తి గోడను అందుకునే ఎత్తు కూడా రాసుకున్నాను. ఎందుకో అప్పుడు తెలియదు, చేయి ఖాళీగా ఉంది కాబట్టి.

జనవరి 27

నేర్పడం మొదలైంది. రోజూ పొద్దున నలభై నిమిషాలు, మూడు వారాలు. నాకు వచ్చింది అంతంతమాత్రం కాబట్టి ఊళ్లో క్లబ్బు కోర్టులో మార్కర్‌గా పనిచేసే పెద్దాయనను బతిమాలి తెచ్చుకున్నాను. ఆయన జీవితమంతా ఆఫీసర్లకు, డాక్టర్లకు బంతులు అందించాడు. ఎత్తు నాకన్నా రెండంగుళాలు తక్కువ. సర్వీసు మాత్రం చప్పుడు లేకుండా వచ్చి మూలన గీత మీద పడుతుంది.

ఆయన మొదటి రోజు ఎవర్నీ బంతి కొట్టనివ్వలేదు. ఎగరేయడమే. బ్యాటును ఎడమ కాలి ముందు నేల మీద పెట్టి, పైకి ఎగరేసిన బంతి వచ్చి ఆ బ్యాటు జాలి మీద పడాలన్నాడు. ముప్పై రెండు మందిలో మొదటి రోజు పదిసార్లలో ఐదుసార్లు పడేసినవాళ్లు నలుగురే.

"ఏమప్పా, బాలు నెత్తిమీదికి ఎగరేస్తే బ్యాటు యాడ తగల్తాది? చెయ్యి సాపుగా లేపల్ల, దీపం పైన పెట్టినట్ల. ఇసరొద్దు, పెట్టల్ల."

దీపం మాట పనిచేసింది. అది విన్నాక అమ్మాయిల చేతులు ఒక్కసారిగా నెమ్మదించాయి. పట్టు గురించి కూడా ఆయన మాటే: "గొడ్డలి పట్టుకున్నట్ల పట్టు." పుస్తకాల్లో కాంటినెంటల్ గ్రిప్ అని రెండు పేజీలు రాసింది ఇదే. బొంగులు నరికిన మా జూనియర్‌కు ఇది చెప్పే అవసరమే రాలేదు.

మా కోర్టుకో లోపం ఉంది. టెన్నిస్ కోర్టు ఉత్తర దక్షిణాలుగా ఉండాలి. మాది స్థలాన్ని బట్టి తూర్పు పడమరలుగా వేశారు. పొద్దున తూర్పు ముఖంగా సర్వీసు చేస్తే ఎగరేసిన బంతి సరిగ్గా సూర్యుడిలో మాయమైపోతుంది. అందర్నీ పడమర ముఖంగానే కొట్టించాం.

ఫిబ్రవరి 5

ఎవరెవరు ఎలా నేర్చుకుంటున్నారో చూస్తుంటే ఎత్తు సంగతి మరిచిపోయి, ఇంతకుముందు ఆడిన ఆటే కనిపిస్తోంది.

కబడ్డీ రైడర్లు బంతి దగ్గరికి అందరికన్నా ముందు చేరతారు, చేరాక ఏం చేయాలో తెలియదు. క్రికెటర్ల ఫోర్‌హ్యాండ్ కవర్ డ్రైవే. బంతి నేలను అంటుకుని వెళ్లి నెట్ కింద తగులుతుంది. ఖోఖో అమ్మాయి కాళ్లు చూడాలి, ఆగడం, తిరగడం, వంగడం అన్నీ ఒకే కదలికలో. బాల్ బ్యాడ్మింటన్ అతనికి మణికట్టు ఎక్కువై బంతి ప్రతిసారీ పక్క కోర్టుకు పోతోంది.

అన్నిటికన్నా నన్ను ఆశ్చర్యపరిచింది బ్యాక్‌హ్యాండ్. అందరూ దానికి భయపడతారు. ఒక్కతను మాత్రం మొదటి వారంలోనే రెండు చేతులతో బాదేస్తున్నాడు. కుడిచేత్తో రాస్తాడు, కుడిచేత్తోనే బౌలింగ్, కానీ క్రికెట్‌లో ఎడమచేతి బ్యాట్స్‌మన్. ఆలోచిస్తే అర్థమైంది. కుడిచేతి వాటం మనిషి కొట్టే రెండు చేతుల బ్యాక్‌హ్యాండ్ అంటే ఎడమచేతి బ్యాటింగే కదా. అతను కొత్తగా నేర్చుకున్నదేమీ లేదు. ఎత్తు 166.

ఫిబ్రవరి 16

సర్వీసు పరీక్ష. ఒక్కొక్కరికి అలవాటుకు కొన్ని, లెక్కకు పది బంతులు. సర్వీసు పెట్టెను (అవతలి వైపు సర్వీసు పడాల్సిన గడిని) సున్నంతో పట్టీలుగా విడదీసి, ఒక్కో పట్టీకి ఒక్కో విలువ. ఒకరు ఎక్కడ పడిందో చూడాలి, ఒకరు తాడు చూడాలి, ఒకరు రాయాలి. తాడు చూసేవాడికి మెడ పట్టేసింది.

మధ్యలో ఒక గొడవ. షూటర్‌గా ఆడే వాలీబాల్ కుర్రాడు, 183, మా బ్యాచ్‌లో అందరికన్నా పొడుగు, పది బంతుల్లో ఆరు నెట్‌కు కొట్టాడు. "నాకు తాడు అడ్డమొస్తాంది" అన్నాడు. నెట్‌కు కొట్టేవాడికి తాడెలా అడ్డమొస్తుందని అందరూ నవ్వారు. కానీ అతను చెప్పింది నిజమే. తాడు చూసి భయపడి బంతిని కిందికి నొక్కుతున్నాడు. పరీక్ష మనిషి ఆటను మార్చేస్తే అది కొలతలో ఎక్కడా కనిపించదు.

ఫిబ్రవరి 18, రాత్రి

నిద్ర పట్టక లెక్క వేశాను. ఇది రిపోర్టులో ఉండదేమో, కానీ నాకు ఇదే ముఖ్యం.

బేస్‌లైన్ (సర్వీసు చేసేవాడు నిలబడే కోర్టు చివరి గీత) నుంచి నెట్ 11.885 మీటర్లు. నెట్ నుంచి సర్వీస్ లైన్ (సర్వీసు పెట్టె వెనక గీత) 6.40. బంతి గీత గీసినట్టు సూటిగా వెళ్తుందనుకుందాం. మధ్య గీత వెంట కొడితే నెట్ ఎత్తు 91.4, బంతి సగం మందం కూడా కలిపితే దాదాపు 94.7 సెంటీమీటర్లు. నెట్‌కు తగలకుండా పెట్టెలో పడాలంటే బంతిని ఎంత ఎత్తులో కొట్టాలి? సరూప త్రిభుజాల లెక్కే, పదో తరగతిది. జవాబు 2.70 మీటర్లు. నేను బ్యాటు పైకెత్తితే జాలి మధ్యభాగం 2.45 దగ్గర ఉంటుంది. అంటే నాకు రాదు. 183 కుర్రాడికి దాదాపు 2.75, అతనికి వస్తుంది. "నీ ఎత్తుకు సర్వీసు కష్టం" అన్నవాళ్లంతా ఈ గీతే బుర్రలో గీసుకున్నారన్నమాట.

కానీ బంతి సూటిగా పోదు. భూమి లాగుతుంది, దారి వంగుతుంది. వంగిన దారి నెట్ దగ్గర ఆ సూటిగీతకన్నా పైన ఉంటుంది. బంతి ఎంత నెమ్మదిగా వెళ్తే అంత ఎక్కువ వంపు. గాలి అడ్డు, స్పిన్ పక్కన పెట్టి వేశాను. గంటకు 180 కిలోమీటర్ల వేగంతో కొడితే 2.28 మీటర్ల ఎత్తు చాలు. 100 కిలోమీటర్లయితే 1.32 చాలు, అంటే ఛాతీ దగ్గర కొట్టినా పడుతుంది. 70కి వస్తే ఎత్తుతో పనే లేదు, మోకాలి కింద నుంచి లేపినా పడుతుంది. 1989 ఫ్రెంచ్ ఓపెన్‌లో పదిహేడేళ్ల మైకేల్ చాంగ్ కండరాలు పట్టేసి నిలబడలేక, ఇవాన్ లెండిల్ మీద చేయి కిందినుంచి సర్వీసు చేసి ఆ పాయింటు గెలిచింది గుర్తొచ్చింది. చాంగ్ ఎత్తు 175.

అయితే ఎత్తు ఎందుకూ పనికిరాదా? వస్తుంది. ఇంకో లెక్క వేస్తే తెలిసింది. నెట్‌ను అంటీ అంటకుండా దాటిన బంతి ఎక్కడ పడుతుందో చూసి, అక్కడి నుంచి సర్వీస్ లైన్ దాకా ఉన్న జాగా కొలిచాను. ఆ జాగాలో ఎక్కడ పడినా మంచి సర్వీసే. గంటకు 100 వేగంలో నాకు దాదాపు 2.40 మీటర్లు దొరుకుతుంది, అతనికి 2.75. పెద్ద తేడా కాదు. అదే 180 వేగంలో నాకు 72 సెంటీమీటర్లు, అతనికి 1.45 మీటర్లు. రెట్టింపు! వేగం పెరిగేకొద్దీ నాకు దొరికే జాగా సగం సగం కరిగిపోతుంది, పొడుగువాడికి కాస్త మిగులుతుంది. ఇస్నర్‌కు 208 ఎందుకు పనికొచ్చిందో ఇప్పుడు అర్థమైంది. మన సాకేత్ మైనేని ఆరడుగులు దాటిన మనిషి కావడం కూడా ఆ స్థాయిలో లెక్కలోకి వచ్చే విషయమే. 2014 ఇంచియాన్ ఏషియాడ్‌లో సానియా మీర్జాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం తెచ్చినవాడు.

మా ముప్పై రెండు మందిలో 180 ఎవరు కొడతారు?

ఫిబ్రవరి 21

కొలిచాను. ఫోన్ స్లో మోషన్‌లో సెకనుకు 240 బొమ్మలు. బ్యాటు తగిలిన బొమ్మ నుంచి బంతి నేలను తాకిన బొమ్మ దాకా లెక్కపెట్టి, దూరాన్ని ఆ సమయంతో భాగించడం. రాడార్ గన్ కాదు, సగటు వేగమే వస్తుంది, కానీ ఒకరితో ఒకర్ని పోల్చడానికి చాలు. కళ్లు ఎర్రబడ్డాయి.

అమ్మాయిలవి, సగం మంది అబ్బాయిలవి 60, 70 దగ్గరే తిరుగుతున్నాయి. వంద దాటినవాళ్లు ఇద్దరే. అంటే మేమంతా ఎత్తు అక్కరకు రాని వేగంలో ఆడుతున్నాం.

మార్కర్ పెద్దాయనకు ఈ లెక్క చెబితే బీడీ ఆర్పి, "ఈ మాటకు ఇంత రాత్రి మేలుకున్నావా? నన్నడిగింటే చెప్పేటోణ్ణి గదప్పా" అన్నాడు.

ఫిబ్రవరి 25

ఫోర్‌హ్యాండ్, బ్యాక్‌హ్యాండ్ పరీక్షలు అయిపోయాయి. మొదట పెద్దాయన అవతలి నుంచి బంతులు అందించాడు, కానీ అందరికీ ఒకేలా రావడం లేదు. ఆరో మనిషికే ఆయన చేయి అలిసింది. అందుకే బ్రోయర్–మిల్లర్ చెప్పినట్టే చేశాం. తన బంతి తనే నేలకు కొట్టి, లేచాక కొట్టాలి. పద్నాలుగు ఫోర్‌హ్యాండ్, పద్నాలుగు బ్యాక్‌హ్యాండ్.

దీనిలో ఒక కిటుకుంది. తన బంతి తనే వదులుకుంటే ఎవరికి వారు తమ నడుం ఎత్తుకు లేపుకుంటారు. నిజం ఆటలో టాప్‌స్పిన్ బంతి నా భుజం దాకా ఎగిరి వస్తుంది, 183 వాడికి అదే బంతి సుఖంగా ఛాతీ దగ్గర ఉంటుంది. మళ్లీ కింద జారి వచ్చే స్లైస్‌కు అతను మోకాళ్లు వంచలేక అవస్థ పడతాడు, నాకు అది చేతికందినట్టుంటుంది. పరీక్ష ఈ రెండు బాధలనూ తీసేసింది. న్యాయంగా ఉండటానికి ఆటను కాస్త కోసేశాం, ఆ బొంగుల్లాగే.

మార్చి 9

సహసంబంధ గుణకాలు వేశాను. ముందు చేత్తో, తర్వాత కంప్యూటర్‌లో. రెండూ కలిసేసరికి రెండు సాయంత్రాలు.

ముప్పై రెండు మందినీ కలిపి చూస్తే ఎత్తుకూ సర్వీసు మార్కులకూ సంబంధం గట్టిగానే వచ్చింది. పట్టికలో 30 స్వేచ్ఛాంశాలకు (మందిలోంచి రెండు తీసేస్తే వచ్చే అంకె), 0.05 స్థాయిలో (ఊరికే అలా కలిసొచ్చే అవకాశం వందలో ఐదు లోపు) దాటాల్సిన విలువ 0.349. దాటింది. గుండె జారిపోయింది. నన్ను నవ్వినవాళ్లే రైటా?

సార్ కాగితం చూసి ఒకే ప్రశ్న అడిగారు. "అబ్బాయిల్నీ అమ్మాయిల్నీ ఎందుకు కలిపావు?"

గ్రాఫ్ కాగితం మీద అబ్బాయిలను నీలం చుక్కలుగా, అమ్మాయిలను ఎర్ర చుక్కలుగా పెట్టాను. రెండు గుంపులు. ఎర్రవి కింద ఎడమ వైపు, నీలంవి పైన కుడి వైపు. ఏ గుంపులోకి తొంగి చూసినా ఆవాలు చల్లినట్టు ఉన్నాయి. రెండు గుంపుల్నీ కలిపి చూస్తేనే గీత కనిపిస్తుంది. విడిగా వేస్తే అబ్బాయిల్లో దాటాల్సింది 0.444, అమ్మాయిల్లో 0.576. సర్వీసు గురి, ఫోర్‌హ్యాండ్, బ్యాక్‌హ్యాండ్, ఏదీ ఆ దరిదాపుల్లోకి రాలేదు. అబ్బాయిల బ్యాక్‌హ్యాండ్‌లో గీత కాస్త కిందికే వంగింది, ఎడమచేతి బ్యాట్స్‌మన్ పుణ్యాన.

మా అబ్బాయిలు అమ్మాయిలకన్నా పొడుగు, నిజమే. వాళ్లు చిన్నప్పటి నుంచి రాళ్లు విసిరి, బంతులు విసిరి పెరిగారు, అదీ నిజమే. సర్వీసు అంటే సగం విసరడమే. మా ఖోఖో అమ్మాయిని అడిగితే, తొమ్మిదో తరగతి దాకా తనకు బంతి ఇచ్చినవాళ్లే లేరంది.

మార్చి 11

ఒక్కటి మిగిలింది. అబ్బాయిల్లో సర్వీసు వేగం. అది 0.444 గుమ్మం దాకా వచ్చి ఆగింది. పొడుగువాళ్లు కాస్త వేగంగా కొడుతున్న మాట కనిపిస్తోంది.

వంద దాటిన ఇద్దరినీ మళ్లీ చూశాను. ఇద్దరూ వాలీబాల్ షూటర్లే. తల మీది బంతిని ఎగిరి కొట్టడం వాళ్లకు ఏళ్ల తరబడి అలవాటు. వాళ్లు షూటర్లు ఎలా అయ్యారు? పొడుగున్నారని. ఎనిమిదో తరగతిలో పీఈటీ సార్ వరసలో నిలబెట్టి పొడుగువాణ్ణి నెట్ దగ్గరికి, పొట్టివాణ్ణి లిఫ్టింగ్‌కు పంపుతాడు. ఆ తర్వాత పదేళ్లు ఒకడు కొడుతూనే ఉంటాడు, ఇంకొకడు లేపి ఇస్తూనే ఉంటాడు. ఇప్పుడు నేను టేపు పట్టుకుని వచ్చి ఎత్తుకూ వేగానికీ సంబంధం ఉందంటున్నాను. ఎత్తు ఎంత కొట్టిందో, ఆ పదేళ్ల అలవాటు ఎంత కొట్టిందో ఇరవై మందితో విడదీయలేను. అది చెప్పాలంటే ఎప్పుడూ షూటింగ్ చేయని పొడుగువాళ్లూ, పదేళ్లు షూటింగ్ చేసిన పొట్టివాళ్లూ కావాలి. మొదటివాళ్లు దొరుకుతారు. రెండోవాళ్లను ఎవరూ తయారు చేయలేదు.

చేయి అందే ఎత్తు కూడా వేసి చూశాను. ఎత్తు పక్కన పెట్టి అది తీసుకుంటే అంకె కొద్దిగా పెరిగింది, అంతే. 170 ఉన్న ఒకతని చేతులు 175 వాడికన్నా పొడవు. ఇది ఒక పేరాగా రాస్తాను.

మార్చి 20

వైవా. బయటి ఎగ్జామినర్ అడిగిన మొదటి ప్రశ్న: "సంబంధం లేదని తేలింది కదా, మరి ప్రాజెక్టు ఫెయిలైనట్టేనా?" సార్ నా వైపు చూశారు. నేను ఆ రాత్రి వేసిన లెక్క కాగితం తీసి చూపించాను, 72 సెంటీమీటర్లు, 1.45 మీటర్లు. ఆయన కళ్లజోడు పైకి తోసి కాసేపు చూసి, "ఇది చాప్టర్‌లో ఎందుకు పెట్టలేదు?" అన్నారు. అనుబంధంలో పెట్టమని చెప్పారు. మళ్లీ బైండింగ్ ఖర్చు.

మార్చి 24

బొంగులు తిరిగి ఇవ్వడానికి వెళ్లాను. సిమెంటు డబ్బాలు సుత్తితో పగలగొట్టి, కడిగి, నూనె రాసి తీసుకెళ్లాను. టెంట్ హౌస్ ఆయన ఒకదాన్ని నిలబెట్టి, పక్కన నన్ను నిలబెట్టి చూశాడు.

"పన్నెండు ఇచ్చినా. ఏడయినాయి."

"అన్నా, అది ప్రాజెక్టు కోసం..."

"పొట్టి బొంగులు షామియానాకు ఏం పనికొస్తాయప్పా?"

అడ్వాన్సు తిరిగి ఇవ్వలేదు. బొంగులు నాకే మిగిలాయి. ఇప్పుడు హాస్టల్ వెనక వాలీబాల్ నెట్‌కు కట్టాం. నెట్ కొంచెం కిందికే ఉంటుంది. సాయంత్రాలు నేనే షూటర్‌ని.